ఆర్మేనియా వెండి మీది నలుపు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో వైద్యవిద్య చదువుతోంది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు అక్కడి సంతలో కొన్న వెండి లాకెట్ నాకు తెచ్చింది. దాని మీద దానిమ్మపండు, చుట్టూ నల్లటి లతలు ఉన్నాయి. పైనున్న వలయం ఊడిపోతే, మాకు ఎప్పటినుంచో నగలు చేసే అవుసలాయనకు చూపించాను. వెండి నల్లబడింది, కాల్చి మెరుగు పెడితే తెల్లగా వస్తుందని ఆయన అన్నారు. పెట్టించమంటారా? దానిమ్మకు అక్కడ ఏదైనా అర్థం ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మెరుగు పెట్టించకండి; నిప్పు అసలే తగలనివ్వకండి. మీరు మురికి అనుకుంటున్న ఆ నలుపులోనే పనివాని నేర్పంతా ఉంది.

ఆర్మేనియన్లు ఈ పనిని సెవాద్ అంటారు. వారి భాషలో సెవ్ అంటే నలుపు. వెండి రేకు మీద సన్నని ఉలితో గీతలు చెక్కుతారు. వెండి, రాగి, సీసం, గంధకం కలిపి కరిగించిన మిశ్రమాన్ని పొడిచేసి ఆ గీతల్లో నింపి వేడి చేస్తే, అది వెండి కంటే ముందే కరిగి గీతల్లోకి పారి గట్టిపడుతుంది. చల్లారిన తరువాత పైన మిగిలినదాన్ని ఆకురాయితో అరగదీస్తారు. అప్పుడు తెల్లటి వెండి మీద నల్లటి బొమ్మ తేలుతుంది. నేడు టర్కీలో ఉన్న వాన్ నగరంలోని ఆర్మేనియన్ పనివారు ఒకప్పుడు ఈ విద్యకు పేరుపొందారు. వారు చేసిన వెండి వడ్డాణాలను, పెట్టెలను ఇప్పటికీ మ్యూజియాల్లో చూడవచ్చు. 1915 నాటి మారణహోమంతో ఆ నగరంలో వారి దుకాణాలు మూతపడ్డాయి. ప్రాణాలతో బయటపడినవారు ఎక్కడెక్కడ స్థిరపడితే అక్కడికి ఆ విద్య కూడా చేరింది. అందుకే అలాంటి లతను చెరిపేయడమనే మాట వింటేనే నాకు బాధ కలిగింది.

సంతల్లో అమ్మే అన్ని నల్లటి నగలూ సెవాద్ కావు. గుంటల్లో రసాయనంతో నలుపు పట్టించిన చవక రకం కూడా ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి. నలుపు వెండితో సమానంగా, ఒకే నునుపులో ఉంటే అది సెవాద్; గుంటల అడుగున పల్చగా అంటుకుని ఉంటే రసాయనపు నలుపు. మెరుగు పెడితే రెండో రకం నలుపు పూర్తిగా పోతుంది. మొదటి రకానికి నిప్పు తగిలితే మిశ్రమం మళ్లీ కరుగుతుంది. వేడి మితిమీరితే అందులోని సీసం వెండినే తినేసి చిల్లులు పెడుతుంది. కాబట్టి టంకం పెట్టకుండా, తెరిచి మూసే చిన్న వెండి వలయాన్ని పట్టకారుతో బిగించమని అడగండి. వెండి తీగపనికి పేరున్న మీ ఊళ్లో ఆ మాత్రం నేర్పున్న చేతులకు కొదవ ఉండదు. ఇంట్లో శుభ్రం చేసేటప్పుడు చింతపండు, విభూతి, టూత్‌పేస్టు వాడకండి. మెత్తటి నూలుగుడ్డను తడిపి తుడిచి, వెంటనే ఆరబెడితే చాలు.

దానిమ్మ అక్కడ సంతానానికి, సమృద్ధికి గుర్తు. పండులో 365 గింజలుంటాయని, ఏడాదిలో రోజుకొక్కటని పెద్దలు చెప్పుకుంటారు. పెళ్లికూతురు దానిమ్మపండును నేలకేసి కొట్టి గింజలు చెదిరేలా చేసే ఆచారం కూడా ఉండేది. చదువుకోవడానికి దూరదేశం వెళ్లిన కూతురు తల్లి కోసం ఏరి తెచ్చిన గుర్తు అది.

ప్రశ్న: నాకు బహుమతిగా వచ్చిన ఆర్మేనియా వెండి బిళ్ల మీద ఒకవైపు పక్షులతో అల్లిన అక్షరం, మరోవైపు సుడి తిరుగుతున్న చక్రం ఉన్నాయి. ఇది మతచిహ్నమా? మనం ధరించవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిస్సంకోచంగా ధరించండి. ఆ చక్రాన్ని వారు నిత్యత్వ చిహ్నం అంటారు. మధ్య బిందువు నుంచి వంపు తిరిగిన రేకులు ఒకే దిశలో సాగుతూ ఉంటాయి. చర్చి గోడల మీద, ఖచ్‌కార్ అని పిలిచే శిలువరాళ్ల మీద శతాబ్దాలుగా చెక్కుతూ వచ్చిన గుర్తు ఇది. చూడగానే మనకు మన చక్రాలు గుర్తుకు రావచ్చు, కానీ దాన్ని వారి సంప్రదాయపు గుర్తుగానే చూడటం న్యాయం.

అక్షరం సంగతి మరింత ముచ్చటైనది. క్రీ.శ. 405లో మెస్రోప్ మాష్టోట్స్ అనే మతాచార్యుడు 36 అక్షరాలతో ఆర్మేనియన్ లిపిని కూర్చాడు. అందులో మొదటి అక్షరంతోనే వారి భాషలో దేవుడనే మాట, చివరి అక్షరంతో క్రీస్తు అనే మాట మొదలవుతాయి. పక్షుల మెడలు, రెక్కలు, తోకలు వంచి అక్షరాన్ని కూర్చే పద్ధతి పాత చేతిరాత గ్రంథాల నుంచి వచ్చింది. అలాంటి గ్రంథాలను యెరెవాన్‌లోని మాతెనదరన్ అనే చేతిరాత గ్రంథాల భాండాగారంలో భద్రపరిచారు. ఆర్మేనియన్ అక్షరకళను 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పేరులోని మొదటి అక్షరాన్ని మెడలో వేసుకోవడం అక్కడ మామూలే. మీ బిళ్ల మీది లిపిని మీ నగరంలోనే చూడవచ్చు: ఉప్పుగూడలోని పాత ఆర్మేనియన్ శ్మశానంలో, గోల్కొండ కాలంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన వారి సమాధుల మీద.

ప్రశ్న: ఆర్మేనియా నుంచి తెచ్చిన నల్లరాతి పూసల కంకణంలో ఒక పూస కిందపడి పగిలింది. అద్దం ముక్కలా ఉంది. మోసపోయానా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మోసం కాకపోవచ్చు. అబ్సిడియన్ అనే ఆ రాయి నిజంగానే గాజు. అగ్నిపర్వతపు లావా త్వరగా చల్లారినప్పుడు ఏర్పడుతుంది. ఆర్మేనియా కొండల్లో విస్తారంగా దొరుకుతుంది, ఆదిమానవులు దానితో పనిముట్లు చేసుకున్నారు. పగిలిన చోట గవ్వ లోపలి వంపులాంటి నునుపైన అలలు ఉంటాయి. అయితే మామూలు గాజు కూడా అలాగే పగులుతుంది కాబట్టి, కచ్చితంగా తేల్చుకోవాలంటే రత్నపరీక్ష తెలిసినవారికి చూపించండి. పగిలిన అంచు చాలా పదునుగా ఉంటుంది, ఆ పూసను చేత్తో తాకకుండా గుడ్డతో తీసి పక్కన పెట్టండి. మిగిలిన పూసలను పూసకూ పూసకూ మధ్య ముడి వేస్తూ కొత్త దారానికి గుచ్చించుకోండి. ఇకముందు తెగినా ఒకటే జారుతుంది.