వాషింగ్ మెషీన్ నీళ్లు మొక్కలకు పోయొచ్చా?

నీళ్లకు కటకటగా ఉంది, వాషింగ్ మెషీన్ నీళ్లు కరివేపాకు, మందార మొక్కలకు మళ్లించొచ్చా, సబ్బునీళ్లకు పురుగు కూడా పోతుందని మా అత్తగారు అంటున్నారు అని అడిగారు. మళ్లించకండి. మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది వినండి.

మాది హైదరాబాదులో నిజాంపేట వైపు. ఎండాకాలం వస్తే బోరు చేతులెత్తేస్తుంది, ట్యాంకరు వాడు చెప్పిందే రేటు. అప్పటి మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి నీటి పొదుపు మీద మహా పట్టుదల. అన్ని ఫ్లాట్ల వాషింగ్ మెషీన్ పైపులూ, గిన్నెలు తోమే సింకుల పైపులూ ఒకటి చేయించి, కాంపౌండ్ గోడ వెంబడి ఉన్న పాదుల్లోకి వదిలించారు. నేను మీటింగులోనే వద్దన్నాను. "మీకన్నీ అనుమానాలేనండీ" అని నవ్వేశారు.

మొదట్లో అన్నీ కళకళలాడాయి. లాడవా మరి! ఎండకు వడలిపోయిన మొక్క ఏ నీళ్లు తగిలినా ముందు తలెత్తుతుంది. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, చప్పట్లు. చలికాలం వచ్చేసరికి కరివేపాకు కొత్త చిగుళ్లు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. గులాబీ ఆకుల అంచులు మాడాయి. వెంటనే ఎవరో యూట్యూబ్ చూసి ఎప్సమ్ సాల్ట్ తెచ్చి చల్లారు. ఈ మిద్దెతోటల వీడియోల వాళ్లతో నాకు పాత పేచీ. ఆకు పసుపైతే ఎప్సమ్ సాల్ట్, పూత రాలితే ఎప్సమ్ సాల్ట్, మొక్క ఊరికే నిలబడి ఉన్నా ఎప్సమ్ సాల్టే. అది మెగ్నీషియం ఇచ్చే ఉప్పు. మెగ్నీషియం లోపమైతే ముదురాకులు ముందు పసుపు తిరగాలి. లేతాకులు తిరిగాయంటే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, క్షారం ఎక్కువై వేరుకు అందక.

అసలు సంగతి కనిపెట్టింది మా వాచ్‌మన్. వనపర్తి దగ్గర పల్లె అతనిది, సేద్యం చేసి వచ్చినవాడు. కరివేపాకు పాదు దగ్గర గొంతుక్కూర్చుని పారతో పైపొర చెక్కి చూపించాడు. పైన తెల్లటి పొక్కు, వేళ్లతో నలిపితే పిండిలా రాలింది. దాని కింద మట్టి నల్లగా, జిగటగా, గోటికి అంటుకుపోతోంది. చెంబుడు నీళ్లు పోస్తే ఇంకకుండా అలాగే నిలబడ్డాయి. "చౌడెక్కింది సార్ మట్టి. గిట్ల నీళ్లు పోస్తే చెట్టెట్ల బతుకుతది?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు మా ఊరి చాకిరేవు గుర్తొచ్చింది. పూర్వం చౌడుమట్టి కలిపిన నీళ్లలో బట్టలు తడిపి బాన మీద ఆవిరి పట్టేవారు. మురికి వదిలించేది ఆ చౌడులోని సోడియం కార్బొనేటే. ఇవాళ డిటర్జెంట్ పౌడరు పొట్లంలో వాషింగ్ సోడా పేరుతో ఉన్నదీ అదే. పైగా ముద్దకట్టకుండా, బరువు తూగేలా సోడియం సల్ఫేటు కూడా కలుపుతారు. నీళ్లలో ఒక శాతం పౌడరు కలిస్తే చాలు, క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ 10 దాటుతుంది. చౌడు నేలలో పైరు నిలవదని తెలిసిన రైతు ఆ చౌడును తెచ్చి తన చేలో పోసుకుంటాడా? మనం పైపు వేసి మరీ పోస్తున్నాం. మొక్కను చంపేది నురగ అనుకుంటారు జనం. నురగ కొన్నాళ్లకు సూక్ష్మజీవుల పాలవుతుంది. సోడియం ఎక్కడికీ పోదు. మట్టి రేణువులను పట్టి ఉంచే కాల్షియాన్ని నెట్టేసి తను కూర్చుంటుంది. రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, ఇక వేరుకు గాలీ అందదు, నీళ్లూ అందవు.

ప్రెసిడెంటు గారు ఒప్పుకుంటేగా! "చెట్టు ముసలిదైంది" అన్నారు. అందుకని మీటింగుకు రెండు గాజు సీసాలు పట్టుకెళ్లాను. ఒకదాంట్లో ఆ పాదు మట్టి, ఇంకోదాంట్లో గేటు అవతలి మట్టి, రెండింట్లోనూ వాన నీళ్లే. అందరి ముందూ ఊపి ఆఫీసు గదిలో బల్ల మీద పెట్టాం. పొద్దున్నకి గేటు మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకున్నాయి. పాదు మట్టి సీసా మాత్రం పాలు పోసిన టీలా అలాగే ఉంది. ప్రెసిడెంటు గారు దాన్ని ఎత్తి లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు, ఏమీ అనలేదు. ఆ వారంలోనే పైపు డ్రైనేజీలోకి మారింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, మీరూ చేసి చూసుకోండి.

మట్టి తిరిగి దారికి రావడానికి వాచ్‌మన్ చెప్పిందే చేశాం, పొలంలో చేసే వైద్యమే. పాదు గుల్లచేసి జిప్సం కలిపి, వానాకాలమంతా వాన నీళ్లు బాగా ఇంకేలా కట్టవేశాం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని బయటకు నెడితే వాన దాన్ని కిందికి కడిగేస్తుంది. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ విత్తనాలు చల్లి, మొక్కలు పూతకు రాకముందే అక్కడే మట్టిలో కలిపేశాం. చిగుళ్ల పసుపుకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లాం. కరివేపాకు బతికింది. గులాబీలు పోయాయి.

ఇప్పుడు మీ అత్తగారి మాట. సబ్బునీళ్లు పేనుబంకనూ, మందార మీద పిండినల్లినీ చంపుతాయి, నిజమే. కానీ అది పలచగా కలిపి, పురుగు మీద పడేలా, సాయంత్రం పూట ఆకు మీద కొట్టే మందు. మొక్క మొదలు దగ్గర బకెట్లకు బకెట్లు పోసేది కాదు. చిక్కగా కొడితే ఆకు మీది మైనం పొర కూడా పోయి ఆకే మాడుతుంది. "మా అమ్మమ్మగారింట్లో స్నానాల గది నీళ్లకే అరటిచెట్టు గెలలు వేసేది" అంటారేమో, వేస్తుంది. ఆ నీళ్లలో ఉన్నది కుంకుడు రసం, సున్నిపిండి, కాస్త ఒంటిసబ్బు, మిగతాదంతా మంచినీళ్లే. కొబ్బరి సంగతి వేరు, అది ఉప్పును ఓర్చుకునే చెట్టు. చిక్కుడు అస్సలు ఓర్చుకోదు.

నీళ్లు వృథా చేయడానికి మనసొప్పకపోతే చివరిసారి జాడించిన నీళ్లు వాడుకోండి, అదీ వారానికి ఒకటి రెండుసార్లు, మధ్యలో మామూలు నీళ్లు పోస్తూ. బ్లీచింగ్ కలిపిన నీళ్లు, బాత్రూం కడిగే యాసిడ్ తగిలిన నీళ్లు, కుళ్లు వాసన వచ్చేదాకా డ్రమ్ములో నిలవబెట్టిన నీళ్లు వద్దు. ఆకుకూరలకైతే ఏదీ వద్దు.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. చాలా కొత్త అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ ప్లాంటు పెడుతున్నారు. నల్లాలకు తెల్ల మరకలు రావు కాబట్టి ఆ నీళ్లు మొక్కలకూ శ్రేష్ఠం అనుకుంటారు. ఆ ప్లాంటు చేసే పనేమిటి? బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుని వాటి బదులు సోడియం వదలడం. లేకపోతే నెలనెలా బస్తాలకొద్దీ ఉప్పు ఎందుకు పోస్తారు? టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, ఏమీ తగ్గదు. కుండీల్లో మొక్కలు ఎందుకు పోతున్నాయో తెలియక నర్సరీకి డబ్బులు పోసేవాళ్లు మా బ్లాకులోనే ఎంతమందో. ప్లాంటుకు ముందే బోరు లైనుకు ఒక నల్లా పెట్టించుకుని మొక్కలకు ఆ బోరు నీళ్లే పోయండి. మా వాళ్లను ఆ నల్లా పెట్టించమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను, ప్లంబరు వస్తాడట, చూద్దాం అంటున్నారు.