మీ తాత బీఎస్‌ఏ మీద పానా పెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి అన్నం తిన్నాక మళ్లీ మళ్లీ చూశాను. పరకాలలో మీ కొట్టం వెనుక కందికట్టె కింద దొరికింది బీఎస్‌ఏ ఎం20 అనే పాత ఇంగ్లండ్ మోటార్‌సైకిల్. ముందు చక్రాన్ని పట్టుకునే పాతకాలపు గర్డర్ ఫోర్కు చూడగానే గుర్తుపట్టాను. మీ అమ్మ పెళ్లి మాటలప్పుడు మీ తాత నన్ను కాజీపేట స్టేషన్ నుంచి ఊరికి ఆ బండి మీదనే తీసుకుపోయాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు హన్మకొండలో పానాలు పట్టాను గానీ, అంత నిదానంగా కొట్టుకునే ఇంజిన్ చప్పుడు మళ్లీ వినలేదు.

వచ్చే ఆదివారం దోస్తులతో కలిసి మొత్తం విప్పేస్తామని రాశావు. వద్దు అల్లుడూ. వానకు తడిసి చచ్చిన పాత బండ్ల కన్నా, ఇష్టంతో విప్పినవాళ్ల చేతుల్లో చచ్చినవే ఎక్కువ చూశాను. ఒకాయన నార్టన్ అనే ఇంకో పాత ఇంగ్లండ్ బండిని మూడు గోనె సంచుల్లో తెచ్చి నా షెడ్డు ముందు దించాడు. విప్పి ఏడాదయిందట. ఏ వాషర్ ఎక్కడిదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియలేదు. ఆ సంచులు అట్లనే వెనక్కి పోయాయి.

ముందు బండిని నీడలోకి తెచ్చి, పది రోజులు చూడు. ప్రతి మూల ఫోన్‌తో ఫొటో తియ్యి. కేబుల్ ఎటు నుంచి ఎటు పోయింది, ఏ బోల్టు పొడుగు, ఏది పొట్టి, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. విరిగిన ముక్కయినా పారేయకు. లేత్ షాపులో కొత్తది చేయించాలంటే నమూనా అదే.

ఇంజిన్ నంబరు, ఫ్రేము నంబరు ఉన్న చోట ఇసుక కాగితం కూడా తగలనీయకు. ఒకసారి ఒక ఫ్రేమును తుప్పు వదిలించడానికి బ్లాస్టింగ్‌కు, అంటే ఇసుక చిమ్మి గీకించడానికి పంపుతూ నంబరు మీద టేపు అంటించడం మరిచిపోయాను. సగం అంకెలు చెరిగిపోయాయి. పాపం, ఆ బండి మనిషి ఆర్‌టీఏ ఆఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్లు తిరిగాడో. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ తాత పెట్టెలో ఆర్‌సీ వెతుకు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండ్లకు వర్తిస్తాయి. పాత రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరే ఉంచుకోవచ్చు. లేకుంటే కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే దాని మీద రోజూ తిరగనీయరు. ర్యాలీలకు, ప్రదర్శనలకు మాత్రమే.

ఇక ఇంజిన్. కిక్ దిగడం లేదన్నావు. దాని మీద ఎక్కి దూకకు, కిక్ షాఫ్టు పళ్లు పోతాయి. ఇది 496 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్, అంటే వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి. పైనున్న హెడ్డులో వాల్వులు ఉండవు కాబట్టి బోల్టులు విప్పితే మూతలాగా వస్తుంది, పిస్టన్ కళ్లెదుట కనిపిస్తుంది. సిలిండర్‌లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి పోసి, గుడ్డ కప్పి వదిలేయి. వారం కావచ్చు, నెల కావచ్చు. మధ్యమధ్యలో గేరులో పెట్టి వెనుక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం ఊపు. సుత్తె మాత్రం ముట్టకు. వెంట్రుకంత కదిలినా చాలు, మిగతాది నూనె చూసుకుంటుంది.

మన షాపుల్లో దొరికే మిల్లీమీటర్ పానాలు దానికి పట్టవు. దానికి విట్‌వర్త్ పానాలు, అంటే పాత ఇంగ్లండ్ అంగుళాల కొలత పానాలు కావాలి. వాటి మీద 1/4 అని ఉంటే అది బోల్టు మందం లెక్క, తల వెడల్పు కాదు. ఆ పానా నోరు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 13 పానా ఎక్కదు, 14 పెడితే జారి బోల్టు తల గుండ్రంగా అవుతుంది. లేత్ షాపులో కూడా పక్కనే నిలబడు. మన వాళ్లు పనిమంతులే గానీ, తొందరలో ఉంటే చేతికందిన ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) కొత్త మరలు కోసేస్తారు. ఆ బండిలో చాలా చోట్ల అంగుళానికి 26 మరలు ఉంటాయి. ఒకసారి చెడితే బాగుచేయడం చాలా కష్టం.

ప్లగ్‌కు నిప్పురవ్వ కోసం కరెంటు పుట్టించే మాగ్నెటో గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, చాలామంది ఓడిపోయేది అక్కడే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టయితే కార్బ్యురేటర్‌ను అనుమానించకు. ముందు కండెన్సర్‌ను అనుమానించు. లూకాస్ మాగ్నెటోలో అది ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్టల భాగం) లోపలే ఉంటుంది. ఆర్మేచర్ బయటికి తీసే ముందు పికప్, ఎర్త్ బ్రష్, పక్కనున్న సేఫ్టీ స్క్రూ మూడూ తియ్యాలి. ఒక్కటి మరిచినా ఆర్మేచర్ మీది స్లిప్ రింగ్ పగులుతుంది. ఆర్మేచర్ తీశాక అయస్కాంతం బలం తగ్గకుండా ఇనుప ముక్క అడ్డం పెట్టాలి. రీవైండింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇదంతా తెలిసిన మనిషేనా అని అడుగు. అడిగితే తప్పు లేదు. కరెంటును తెంచి కలిపే పాయింట్ల గ్యాప్ 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.3 మిల్లీమీటర్.

టైర్లు, చువ్వలు, గన్‌మెటల్ బుష్‌లు వరంగల్‌లోనే అవుతాయి. మిగతా సామానుకు ఢిల్లీ కరోల్ బాగ్ ఉంది. ట్యాంకులో తుప్పు వదిలించి బాగా కడుగు. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, అది నీళ్లు పీలుస్తుంది. కాబట్టి బండి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చెయ్యి. పెయింట్ సంగతి చివరికి. ట్యాంకు మీద మీ తాత పేరు చేత్తో రాసి ఉంది చూడు, దాన్ని చెరిపితే నేను ఒప్పుకోను.

స్టార్ట్ చేసే రోజు ముందుగా ఇంజిన్ అడుగున ఉండే సంప్ ప్లేటు విప్పి పాత నూనె దించు. ఎన్నో ఏళ్లు నిలబడ్డ బండిలో ఆయిల్ ట్యాంకు నుంచి నూనె పంపు దాటి ఇంజిన్‌లోకి దిగిపోతుంది. 50 నంబరు ఆయిల్ కొత్తది పొయ్యి. హ్యాండిల్ మీది అడ్వాన్స్ లివర్‌ను రిటార్డ్‌లో, అంటే నిప్పురవ్వ ఆలస్యంగా పడేలా పెట్టి కిక్ కొట్టాలి, లేకుంటే కిక్ ఎదురు తన్ని కాలు విరుగుతుంది. ఇంజిన్ అందుకోగానే ఆయిల్ ట్యాంకు మూత తీసి చూడు. పైపులోంచి నూనె తిరిగి వస్తూ ఉండాలి. రాకపోతే ఎంత మంచిగా నడుస్తున్నా వెంటనే ఆపెయ్యి.

ఆ మొదటి కిక్ నేను లేకుండా కొట్టకు. వచ్చే నెల మొదటి ఆదివారం బస్సుకు వస్తాను, నా విట్‌వర్త్ పానాల సెట్టు తెస్తాను. హెడ్డు జోలికి అప్పుడే పోదాం. అప్పటివరకు ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కొంచెం నూనె పోసి, గుడ్డతో మూసి పెట్టు. కొట్టంలోకి కోళ్లు రాకుండా చూడు.

మీ మామ