దారం చిరిగిందా, తెగిందా?

సందేహం: మేము ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాం. మా అత్తగారు పాత చీరలతో చేత్తో బొంతలు కుడతారు, నేను మిషన్ మీద కుడతాను. దారం తెగితే ఆవిడ "తెగిపోనాది" అంటారు. ఒడియా బడిలో చదివే మా అమ్మాయి "దారం చిరిగిపోయింది" అంటుంది. ఎవరిది మంచి తెలుగు? నూలు, దారం ఒకటేనా?

సమాధానం: అమ్మా, మీ అత్తగారిదే. "పోనాది" అన్నది మీ వైపు పలుకుబడి. దాన్ని నామోషీగా చూడాల్సిన పనిలేదు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మీది. చూడవలసింది మాట చివర కాదు, క్రియ. అమ్మాయికి చివర పుస్తకంలోలాగే ఉంది కానీ క్రియ తప్పింది. కారణం తెలుస్తూనే ఉంది: ఒడియాలో బట్టకైనా దారానికైనా 'ఛిండిబా' అంటే సరిపోతుంది.

తెలుగు అలా సరిపెట్టుకోదు. పొడుగ్గా సాగినది రెండైతే తెగడం: దారం, తాడు, చెరువుగట్టు. పరుచుకున్నది చీలితే చిరగడం: బట్ట, కాగితం. గట్టిది రెండు ముక్కలైతే విరగడం: సూది, కర్ర. తెగు-తెంచు, చిరుగు-చించు, విరుగు-విరుచు అని వీటికి జంటలు కూడా ఉన్నాయి. "దారం చిరిగింది" అంటే వినేవాళ్లు ముందు బట్ట వైపు చూస్తారు.

ఇంకో మెట్టు దిగితే, ఎలా తెగిందో చెప్పే మాటే లోపం ఎక్కడుందో చెబుతుంది. "పుటుక్కున తెగింది" అంటే లాగుడు ఎక్కువైందని. మిషన్ టెన్షన్ బిగువుగా ఉండవచ్చు, రీలు అంచు గాటులో దారం చిక్కుకుని ఉండవచ్చు, దారమే పాతబడి సత్తువ పోయి ఉండవచ్చు. కాస్త దారం తీసి లాగి చూడండి. ఇట్టే తెగితే అది కచ్చాకుట్టుకి, అంటే తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టుకి తప్ప పనికిరాదు.

"పీచు లేచి తెగింది" అంటే ఒరిపిడి. సూది బెజ్జం ఇరుకైనా, మొన మొద్దుబారినా, సూదిని తిప్పి బిగించినా ఇలాగే అవుతుంది. సూదికుండే పొడవాటి గాడి దారం ఎక్కించే వైపు ఉండాలి. బొంత మందానికి 14 నంబరు సూది చాలకపోతే 16 వేయండి. చేతికుట్టుకి మూరెడు దారం చాలు. అంతకు మించితే ప్రతి కుట్టుకీ బట్టలోంచి దూరి దూరి కుట్టు పూర్తికాకముందే నలిగిపోతుంది. తేనెమైనం మీద ఒకసారి లాగితే పీచు అణిగి దారం జారుగా వెళ్తుంది. ఈసారి దారం తెగినప్పుడు ఆ కొసను అమ్మాయి చేతికిచ్చి, ఎలా తెగిందో మామ్మకు చెప్పమనండి.

ఇక రెండో ప్రశ్న. వడికితే వచ్చేది నూలు. ఆ నూలుపోగుల్ని రెండు మూడు పేటలుగా కలిపి పురిపెట్టి పేనితే కుట్టుదారం. నూలు చీర అంటాం గానీ దారం చీర అనం. పాత నూలు చీరల బొంతకు మూడు పేటల నూలు దారం నప్పుతుంది. రీలు మీద నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది కాబట్టి, లావు దారం కావాలంటే 60 కాదు, 40 అడగండి.