పాత హార్డ్ డిస్క్ తీస్తే కొత్త ఎస్‌ఎస్‌డీ బూట్ కావట్లేదా?

పాత డిస్క్ తీయగానే ‘బూట్ డివైస్ లేదు’ అంటోందంటే ఎస్‌ఎస్‌డీ పాడైనట్టు కాదండి. విండోస్ ఎక్కించేటప్పుడు రెండూ తగిలించి ఉంచి ఉంటారు, బూట్ ఫైళ్లు (సిస్టమ్‌ని స్టార్ట్ చేసేవి) పాతదాంట్లోనే ఉండిపోయి ఉంటాయి. దీనికోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా పరిగెత్తక్కర్లేదు.

1. ఎస్‌ఎస్‌డీలో కొత్తగా వేసుకున్న ఫైళ్లుంటే పాత డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

2. సిస్టమ్ ఆపి, పాత డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే సాటా కేబుల్ పీకేయండి. అందరూ వదిలేసేది ఇదే. కనెక్టర్‌కి చిన్న ఇనుప క్లిప్ ఉంటే నొక్కి లాగండి, ఊరికే గుంజొద్దు.

3. విండోస్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎస్‌ఎస్‌డీ పార్టిషన్లన్నీ (డిస్క్‌లోని భాగాలు) డిలీట్ చేసి విండోస్ మళ్లీ వేయండి.

4. అదొక్కటే బూట్ అయ్యాక ఆపి, పాతది తగిలించండి. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవగానే వచ్చే సెట్టింగ్స్) బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీయే మొదట ఉండాలి.

పాత సీ డ్రైవ్ ఫార్మాట్ ఆ తర్వాతే, అదీ ఫొటోలు పక్కన పెట్టుకున్నాకే.