వలసవాదులా, వలసవాసులా? తిరుగుబాటా, పితూరీనా?

సందేహం: అమెరికా చరిత్ర మీద పాఠం రాస్తూ “వలసవాదులు బ్రిటిష్ సామ్రాజ్యం మీద తిరుగుబాటు చేసి స్వాతంత్రం సాధించారు” అని రాశాను. ఒక మిత్రుడు చదివి, “వలసవాదులంటే పరాయి దేశాన్ని పట్టుకుని ఏలేవాళ్ళు కదా, వాళ్ళ మీద వాళ్ళే తిరగబడ్డారా?” అని నవ్వాడు. ‘వలసదారులు’ అని మార్చమంటాడు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడు తప్పు పట్టుకున్నారు గానీ ఆయన చెప్పిన దిద్దుబాటూ కుదరదు.

‘వాది’ అంటే ఒక వాదాన్ని నమ్మి నిలబడేవాడు. వలసవాది అంటే ఇంకొకరి నేలను ఏలడం న్యాయమే అనేవాడు. ఇంగ్లీషులో కాలనిస్టు (వలసలో కాపురముండేవాడు) వేరు, కలోనియలిస్టు (వలసపాలనను సమర్థించేవాడు) వేరు. తెలుగులో రెంటికీ ‘వలసవాది’ అనేసి చిక్కు తెచ్చుకున్నాం. ఇక వలసదారు అంటే తానే ఒకచోటు విడిచి ఇంకోచోటికి వచ్చినవాడు. జార్జి వాషింగ్టన్ 1732లో వర్జీనియాలోనే పుట్టాడు. ఓడెక్కి వచ్చింది ఆయన ముత్తాత. మునిమనవణ్ణి వలసదారు అనడం ఏం బాగుంటుంది?

దండు వస్తోందని భయపడి ఊరు విడిచిపోవడం ‘వలస’కు పాత అర్థం. అలా పోయినవాళ్ళు నిలిచిన చోటూ వలసే అయింది. ఆమదాలవలస, జియ్యమ్మవలస లాంటి పేర్ల చివర ఉన్నది ఈ వలసే. కాబట్టి గ్రామవాసి, నగరవాసి అన్నట్టు ‘వలసవాసి’ అనండి. ఒక్క మాట: 1763లో బ్రిటిష్ రాజు అపలాచియన్ కొండలు దాటి పడమటి నేలల్లో స్థిరపడొద్దని ఆజ్ఞ వేస్తే, ఈ వలసవాసులకు అదీ ఒక కోపకారణమైంది. ఆ నేలల మూలవాసుల గురించి రాసేటప్పుడు వీళ్ళను వలసవాదులనే అనండి, తప్పులేదు.

‘తిరుగుబాటు’ సంగతి ఇంకా బాగుంటుంది. కట్టుబడితే కట్టుబాటు, తిరగబడితే తిరుగుబాటు. శత్రువు మన మీద తిరగబడ్డాడు అనం, దాడి చేశాడు అంటాం. నిన్నటిదాకా మనవైపు ఉన్నవాడే తిరగబడతాడు. వలసవాసులూ అంతే. తాము ఇంగ్లీషువాళ్ళమేనని గర్వంగా చెప్పుకున్నవాళ్ళు, ఇంగ్లండులో ఉన్నవాళ్ళకున్న హక్కే తమకూ కావాలన్నారు. మా ప్రతినిధి లేని పార్లమెంటు మా మీద పన్నెలా వేస్తుందన్నది వాళ్ళ ప్రశ్న.

1765 నాటి స్టాంపు చట్టంతో దస్తావేజులకే కాదు, వార్తాపత్రికలకూ పేకముక్కలకూ కూడా స్టాంపు సుంకం కట్టాల్సి వచ్చింది. గోల చేస్తే మరుసటి ఏడు రద్దు చేశారు. చేస్తూనే, మీ మీద ఏ చట్టమైనా చేసే అధికారం మాకుందని ఇంకో చట్టం చేశారు! 1773 నాటి టీ చట్టం ఇంకా వింత. దానివల్ల ఈస్టిండియా కంపెనీ టీ నిజానికి చవకైంది. అయినా పౌను బరువుకు 3 పెన్నీల సుంకం అలాగే ఉంది, అది కడితే పార్లమెంటుకు పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే కాబట్టి, ఆ డిసెంబరులో బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్ళపాలు చేశారు. ధర ఎక్కువై చేసిన గొడవ అనుకుంటే ఈ ఘటన అర్థమే కాదు.

ఇక్కడ నాకు ఇష్టమైన మాట ఒకటుంది: పితూరీ. “వాడి మీద పితూరీలు చెప్పాడు” అంటే ఫిర్యాదులు. 1879 నాటి రంప పితూరీ అంటే తిరుగుబాటు. ఒకే మాటకు రెండర్థాలు ఎలా కుదిరాయో అని అబ్బురపడేవాణ్ణి. అమెరికా కథ చూస్తే అబ్బురమేమీ లేదనిపించింది. మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యంతో పోరు మొదలై తుపాకులు పేలాక కూడా, 1775 జులైలో, వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ రాజుకు రాజీ విన్నపం పంపింది. మూడో జార్జి దాన్ని చేతికి తీసుకోవడానికే ఒప్పుకోలేదు. పైగా ఆగస్టులో వీళ్ళను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. ఆ మరుసటి జులైలో వెలువడ్డ స్వాతంత్ర్య ప్రకటనలో పెద్ద భాగం రాజు మీద ఫిర్యాదుల చిట్టాయే. మొదటి అర్థంలో పితూరీ ఎవరూ వినక రెండో అర్థంలో పితూరీ అయింది.

‘తిరుగుబాటు’ అని రాయొచ్చా అంటే, రాయొచ్చు. కాకపోతే అది ఏలేవాడు పెట్టే పేరని గుర్తుంచుకోండి. 1857ను ఒకరు సిపాయిల తిరుగుబాటంటే ఇంకొకరు ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అనలేదూ? అమెరికా విషయంలో 1775 వరకు నిరసన అనీ, ఆ తర్వాత తిరుగుబాటు అనీ, 1776 జులై దాటాక స్వాతంత్ర్య యుద్ధం అనీ రాస్తే కాలానికి తగ్గట్టుంటుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: “వలసవాసులు బ్రిటిష్ సామ్రాజ్యం మీద తిరగబడి స్వాతంత్ర్యం సాధించారు.” అన్నట్టు, మీరు ‘స్వాతంత్రం’ అని రాశారు. స్వతంత్రుడి లక్షణం స్వాతంత్ర్యం, యవత్తు వదిలేయకండి.