ట్రాట్ (నడక కంటే వేగమైన చిన్న పరుగు) మొదలవగానే గుర్రం తల ఎగరేస్తుంటే

గుర్రం మొండిది కాదు, దాని నోరు నొప్పెడుతోంది. స్వారీ నేర్పే మీరు ఎక్కితే కుదురుగా ఉండి, నేర్చుకునే కొత్త పిల్లలు ఎక్కినప్పుడే తల ఎగరేస్తోందంటే, వాళ్లు పడిపోకుండా పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నారు. ఇంకా గట్టి కళ్లెం మాత్రం వేయకండి, దయచేసి.

1. రికాబు (పాదం పెట్టే ఇనుప వలయం) కొలత: పిల్లల వేళ్ల కొసలు జీను దగ్గరి బకిల్‌కు ఆనిస్తే, రికాబు అడుగు చంకకు అందాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కొన్నాళ్లు పిల్లల చేతికి పగ్గాలే ఇవ్వకండి. గుర్రం మెడకు తోలు పట్టీ కట్టి, దాన్ని పట్టుకోమనండి. పొడవాటి తాడుతో మీరే సుమారు 20 మీటర్ల వ్యాసం ఉన్న వలయంలో గుర్రాన్ని తిప్పండి. తాడును నోటి ఇనుముకు కాదు, ముక్కు పట్టీకి తగిలించాలి.

ట్రాట్‌లో ముందు కుడి కాలు, వెనక ఎడమ కాలు జంటగా పడతాయి, తర్వాత రెండో జంట. ఒక జంటకు లేవాలి, మరో జంటకు కూర్చోవాలి. ఈ లెక్క ముందు మామూలు నడకలోనే నోటితో చెప్పించండి. లేవడమంటే పైకి ఎగరడం కాదు, తుంటి ముందుకు కదలడం.

3. పట్టీ వదిలి, చేతులు చాచి లయ తప్పకుండా తిరగగలిగాకే పగ్గాలు.

మధ్యలో దిశ మార్చండి. హైదరాబాద్ ఎండాకాలంలో తెల్లవారుజామునే ముగించడం మేలు.

మీరు ఎక్కినా తల ఎగరేయడం మొదలుపెడితే పశువైద్యుడికి దాని పళ్లు చూపించండి.