పార్సిల్ ఆమె పేరు మీద ఎందుకొస్తోంది?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జపాన్ ‘గండమ్’ రోబో బొమ్మల ప్లాస్టిక్ కిట్లు, అదీ ఎక్కువ ముక్కలుండే మాస్టర్ గ్రేడ్ రకానివి, కట్టి రివ్యూ వీడియోలు చేస్తుంటాను. రిటైర్డ్ హెడ్మాస్టరైన నాన్న మాతోనే ఉంటారు. గొడవెందుకని పార్సిళ్లు నా భార్య ఆఫీసుకి, ఆమె పేరు మీదే తెప్పిస్తాను. తనే ముచ్చటపడి నాకు కొనిస్తోందని నాన్న నమ్మకం. మొన్న మామగారికి ఫోన్ చేసి ‘మీ అమ్మాయికి దుబారా ఎక్కువ’ అన్నారట. అప్పట్నుంచీ ఆమె నాతో ముభావంగా ఉంటోంది. ఈ వయసులో ఇవి పిల్లచేష్టలేనా? మానేయాలా?

జవాబు: పిల్లచేష్టలు కావు, మానక్కర్లేదు. మాస్టర్ గ్రేడ్ పెట్టె మీదే 15 ఏళ్లు దాటినవాళ్లకని ఉంటుంది. 1980లో బొమ్మల కంపెనీ బండాయ్ మొదటి గండమ్ కిట్ తెచ్చినప్పుడు కొనుక్కున్న జపాన్ పిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు. వందల ముక్కల్ని నిప్పర్ అనే చిన్న కటింగ్ ప్లయర్‌తో, వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాల నుంచి కోసి, కోసినచోట తెల్లమచ్చ మిగలకుండా ఎమరీ పేపర్‌తో రుద్ది, జిగురు చుక్క లేకుండా 18 సెంటీమీటర్ల రోబోని నిలబెట్టడానికి ఓపిక కావాలి. పేకాట కంటే వెయ్యి రెట్లు నయం. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. ఆ ఫోన్ సంగతి తెలిశాక మీరేం చేశారు? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఏమీ చేయలేదన్నమాట. వియ్యంకుడి నోట కూతురి మీద అలాంటి మాట పడితే ఆ తండ్రికి ఎలా ఉంటుందో, ఆ రాత్రి ఆమె పుట్టింటికి ఏం సర్దిచెప్పుకుందో ఆలోచించారా? మీ సరదాకి ఆమె మాట పడుతోంది, మీరేమో బొమ్మల గురించి నన్నడుగుతున్నారు!

వీడియోలో మోకాలి జాయింట్ వదులుగా ఉంటే వదులుగా ఉందని మొహమాటం లేకుండా చెబుతారు కదా. మీ సంపాదనతో మీరు కొన్నదాని ధర కన్నతండ్రికి చెప్పడానికి మాత్రం నోరు రాదా? దీన్ని పెద్దల పట్ల గౌరవం అనకండి. నాన్నగారికీ ఇది అవమానమే. నిజం తెలియనిచ్చి ఉంటే ఆయన ఆ ఫోన్ చేసేవారే కాదు.

ఈ రోజే ఆయన పక్కన కూర్చుని, ఆమె ఎదుటే ‘నాన్నా, ఇవన్నీ నేనే కొన్నాను, తనకేం సంబంధం లేదు’ అనండి. కోప్పడతారు, పడనివ్వండి. నెలకింత అని ఒక లెక్క పెట్టుకున్నానని చెప్పండి, నిజంగా పెట్టుకోండి కూడా. తర్వాత మామగారికి మీరే ఫోన్ చేయండి. ‘నాన్న పొరబడ్డారు’ అని తప్పించుకోవద్దు, పొరపాటు మీది. ఆమెను మాత్రం వెంటనే మామూలుగా ఉండమని తొందరపెట్టకండి. ఇకమీదట పార్సిళ్లు మీ పేరు మీదే, ఇంటి అడ్రసుకే తెప్పించుకోండి. ఈ వారం వీడియో లేకపోయినా ఫరవాలేదు.